రాగి చెంబులో బత్తాయి రసం

యాదన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో క్లాసులో ఉన్నాను. అప్పుడే బోర్డు మీద ఒక శీర్షిక రాశాను: పండ్ల రసంలో సి విటమిన్ కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు. దాని కింద ఒకటి అని అంకె వేసి ఆగిపోయాను. పిల్లలు పెన్నులు పట్టుకొని కాసేపు చూశారు. ఇక ఆ పీరియడు నడిపే ఓపిక లేక, నాకు చదువు చెప్పిన మనిషి ఒకాయన పోయాడని చెప్పి వాళ్ళను పంపించేశాను. యాదన్నను వాళ్ళు ఎన్నడూ చూడలేదు. అయినా ఆ క్షణంలో ఆయన పట్ల చాలా గౌరవం చూపించారు.

నిజానికి యాదన్న నాకు చదువు చెప్పలేదు. నల్లగొండలో నేను బీఎస్సీ చదివిన కాలేజీలో ఆయన కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. అటెండరన్నది జీతం రిజిస్టరులో మాట. మా దృష్టిలో డిపార్ట్‌మెంటంటే ఆయనే. అప్పుడు తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. కాలేజీ బోర్డు మీద ఏపీ అన్న రెండక్షరాలు చెరిపి టీఎస్ అని వేరే రెండక్షరాలు రాయించారు గానీ ల్యాబులో సీసాల మీది చీటీల దాకా ఆ మార్పు రాలేదు. చాలా సీసాల మీద అక్షరాలే లేవు. ఏ సీసాలో ఏముందో యాదన్న మూత తీసి, చేత్తో గాలి ముక్కువైపు విసురుకొని చెప్పేవాడు. ఆయనకు పడిశం పట్టిన రోజు మాకు ప్రాక్టికల్స్ ఉండేవి కావు.

మా ఊరు హాలియా దిక్కు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపుకు నాలుగెకరాల బత్తాయి తోట. కాయ కోసే రోజుల్లో మా ఇంట్లో అన్నం కూడా బత్తాయి తొక్క వాసన వచ్చేది. ఆ వాసన చేతులకు పడితే సబ్బుకు పోదు. నా నోటు పుస్తకాలకూ, దుప్పటికీ, చివరికి బస్సు పాసుకూ ఉండేది. అవ్వ తొక్కలు ఒక్కటి పారేయనిచ్చేది కాదు. మిద్దె మీద ఎండబెట్టి, దంచి, శెనగపిండిలో కలిపి మా ఒంటికి రుద్దేది. చిన్నప్పుడు ఆదివారం స్నానం అయ్యాక మమ్మల్ని చూస్తే ఈగలు కూడా ఏది పండో ఏది పిల్లాడో తేల్చుకోలేకపోయేవి. బాపుకు ఇంకో అలవాటు. బస్తాను కాంటా మీద పెట్టకముందే దాని బరువు చెప్పేవాడు. కాంటా వేరే మాట చెబితే కాంటాను తన్నేవాడు. రెండు తన్నులకు అది దారికొచ్చేది. కొలవడమంటే ముందే జవాబు తెలిసి ఉండడమనీ, పరికరం పని దాన్ని ఒప్పుకోవడమేననీ నేను ఆ వాకిట్లోనే నేర్చుకున్నాను. మూడేళ్ళ బీఎస్సీ ఆ చదువును ఏమీ చెరపలేదు.

తోటలో కాయ కోయడానికి ఊరి బయటి వాడ నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు పెద్ద మార్తమ్మ. మా ఇంట్లో పాలు తాగే పిల్లల దాకా అందరం ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళం. అందులో వింత ఉన్నట్టు నాకప్పుడు తోచలేదు. పొద్దు గూకే వేళ అవ్వ చెట్ల కింద రాలిన పండ్లన్నీ ఏరించి, ఒక్కొక్కరి కొంగులో నాలుగేసి పోసేది. అది కూలిలో భాగం కాదు, దానమూ కాదు. తోట పుట్టినప్పటి నుంచి ఉన్న ఆనవాయితీ. కొంగు పట్టడం వాళ్ళ హక్కు, పోయడం అవ్వ హక్కు. ఇద్దరిలో ఎవరూ మరచిపోయేవారు కాదు.

మార్తమ్మ బిడ్డ ఏస్తేరు నా క్లాసే. ఒకే బస్సులో పోయేవాళ్ళం, ల్యాబులో పక్కపక్క టేబుళ్ళు. కాలేజీలో ఆమె నన్ను శ్రీశైలం అని పిలిచేది. ఊర్లో మాత్రం ఏమీ పిలిచేది కాదు. పిలవాల్సిన అవసరం రాకుండా జాగ్రత్తగా చూసుకొనేది. మా అందరిలో లెక్క తప్పకుండా చేసేది ఆమే. నేను లెక్క తప్పినా నవ్వించేవాణ్ణి. మా క్లాసులో రెండోదానికే ఎక్కువ గిరాకీ.

చదివేవాళ్ళలో కెమిస్ట్రీ వదిలించుకున్న అదృష్టవంతులుంటారు కాబట్టి ఆ ప్రయోగం గురించి కాస్త చెప్పాలి. బ్యూరెట్ అని ఒక పొడుగాటి గాజు గొట్టం. దాని మీద గీతలు, కింద చిన్న నల్లా. అందులో గోధుమరంగు అయోడిన్ పోస్తాం. కింద జాడీలో బత్తాయి రసం, రెండు చుక్కల గంజి. నల్లా తిప్పి చుక్క చుక్క వదులుతుంటే అయోడిన్‌ను సి విటమిన్ మింగేస్తూ ఉంటుంది. విటమిన్ అయిపోగానే మిగిలిన అయోడిన్ గంజిని పట్టుకొని రసాన్ని నీలంగా మారుస్తుంది. అక్కడ ఆపి, ఎంత అయోడిన్ ఖర్చయిందో గీత చూసి రాయాలి. ఎక్కువ ఖర్చయితే ఎక్కువ విటమిన్. అంతే. తప్పు జరగడానికి మాత్రం దారులు చాలా. కన్ను గీతకు సమంగా లేకపోతే ఒక తప్పు. నల్లా కింద గాలిబుడగ ఇరుక్కుంటే ఒక తప్పు. గంజి పాతదైతే, నీలం నిలవకముందే తొందరపడితే, పిప్పి అడ్డం పడితే, రసాన్ని పిండి గాలికి వదిలేస్తే - గాలి కూడా సి విటమిన్ తింటుంది - అన్నీ తప్పులే. ఇవన్నీ నా రికార్డులో చక్కగా రాసి ఉన్నాయి. మేడం ఎర్ర పెన్నుతో గుడ్ అని పెట్టారు. ఆ జాబితాలో యాదన్న లేడు, నేనూ లేను.

పరీక్షకు వారం ముందు యాదన్న తనే ఒకసారి ప్రయోగం చేసి చూసుకొనేవాడు. వచ్చిన రీడింగును పరీక్ష రోజు అందరికీ అందించేవాడు. నీళ్ళ సీసా పట్టుకొని టేబుళ్ళ మధ్య తిరుగుతూ, “ఏం రా, పదకొండు నలభై బస్సు దొరికిందా?” అని అడిగేవాడు. అంటే పదకొండు పాయింట్ నాలుగని రాసుకొమ్మని. అంతకు ముందటి సంవత్సరం తొమ్మిది ఇరవై బస్సు. నల్లగొండ డిపోలో లేని బస్సులన్నీ మా ల్యాబులో నడిచేవి. ఆయన దీనికి ఒక కప్పు చాయ్ కూడా తీసుకోలేదు. “పిలగాండ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తరు. గీ గాజు గొట్టం పుణ్యాన ఒక్కడు ఫెయిలైతే, ఆని తల్లికి నువ్వు జెప్తవా?” అనేవాడు. ఎవరూ చెప్పలేం కాబట్టి అందరం బస్సెక్కేవాళ్ళం.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకు పండ్లు మా తోటవే. వారం ముందు నాలుగు, పరీక్ష ముందు రోజు సంచెడు నేనే మోసుకొచ్చి యాదన్నకు ఇచ్చాను. మామూలుగా ఆయన పరీక్ష పొద్దునే గాజు బీకరులో రసం పిండేవాడు. ఈసారి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు తొమ్మిదికే మొదలుపెట్టాలన్నాడట. అందుకని యాదన్న ముందురోజు సాయంత్రమే రసం తీసి, బాగా వడకట్టి, తన ఇంటి రాగి చెంబులో పోసి మూత పెట్టాడు. పొద్దున నేను తొందరగా పోయేసరికి ఆ చెంబు టేబులు మీద పెండ్లికొడుకులా మెరుస్తోంది. “చింతపండు పెట్టి తోమించిన,” అన్నాడు గర్వంగా. “రాగి చెంబుల నీళ్ళు తాగితె రోగాలు రావు. రసం ఎట్ల ఖరాబైతది?” నాకూ సబబుగానే తోచింది. మా అవ్వ కూడా అదే అనేది. పరీక్ష మీద గౌరవంతో ఆయన ఇంట్లో ఉన్న అన్నింటికంటే మంచి గిన్నె తెచ్చాడు.

నేను మొదటిసారి చేస్తే ఆరు పాయింట్ తొమ్మిదికే నీలం వచ్చింది. బ్యూరెట్ సరిగ్గా కడగలేదేమో అనుకొని మళ్ళీ చేశాను. ఆరు పాయింట్ ఎనిమిది. అంతలో నీళ్ళ సీసాతో యాదన్న నా వెనక నిలబడి బస్సు సంగతి అడిగాడు. దొరికిందన్నా అన్నాను. ఆ రెండు అంకెలూ రాసిన చిత్తు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, జవాబు కాగితం మీద పదకొండు పాయింట్ నాలుగు రాశాను. దాని పక్కన నిజాయితీగా కనపడడానికి ఒక పదకొండు పాయింట్ మూడు, ఒక పదకొండు పాయింట్ ఐదు కూడా రాశాను. అబద్ధానికి కూడా కాస్త అటూ ఇటూ ఉంటేనే అందం.

పక్క టేబులు దగ్గర మాటలు వినపడ్డాయి.

“యాదన్నా, నాకు ఆరు తొమ్మిదికే నీలమైతాంది.”

“కాదు బిడ్డా. పదకొండు నలభై బస్సే.”

“గది మీ బస్సన్నా. నాకు రాలే.”

“జర మల్లొకసారి చూడు తల్లీ.”

“మూడుసార్లు చూసిన.”

ఆమె మూడుసార్లూ చూసిందే రాసింది. మా బ్యాచిలో పన్నెండు మందిమి. పదకొండు కాగితాల మీద పదకొండు పాయింట్ నాలుగు, కొంచెం అటో ఇటో. ఒక కాగితం మీద ఆరు పాయింట్ తొమ్మిది. ఎక్స్‌టర్నల్ సారు కాగితాలు తిప్పుతూ ఆ ఒక్కదాన్ని పట్టుకొని ఏస్తేరును లేపాడు. “ఏమమ్మా, అందరికీ ఒక బత్తాయి, నీకో బత్తాయా?”

“సార్, నాకు వచ్చిందే రాసిన. ఇప్పుడు మీ ముంగట మల్లొకసారి చెయ్యమన్నా చేస్త.”

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే ఒక క్షణం ఆలోచించాడు. గడియారం చూశాడు, చెంబు వైపు చూశాడు. ఇంకో అడుగు పడితే చేయించేవాడే. కానీ నా వైపు తిరిగి, “నువ్వు పక్కనే ఉన్నవు కదా. ఏం చేసింది ఈ అమ్మాయి?” అని అడిగాడు. నా జేబులో కాగితముంది. నాకూ అంతే వచ్చింది సార్ అంటే సరిపోయేది. నాలుగు మాటలు. బదులుగా నేను అన్నది ఇది: “పండ్లు మా తోటవే సార్. కోసేది వాళ్ళ అమ్మనే. సగం సి విటమిన్ కొంగుల కట్టుకపోయినట్టుంది.”

ల్యాబంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, నవ్వుతూనే కాగితం మీద మార్కు వేసి తర్వాతిది తీశాడు. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు. ఏస్తేరు నా వైపు చూడలేదు. బ్యూరెట్ కడిగి, తలకిందులుగా స్టాండుకు తగిలించి, టేబులు తుడిచి పోయింది. ఆ ల్యాబులో మేమెవరమూ ఏనాడూ టేబులు తుడవలేదు.

సాయంత్రం యాదన్న చెంబు కడుగుతూ, తలెత్తకుండా అన్నాడు. “శ్రీశైలూ, గా మాట బాగలేదురా.” చెంబు బోర్లించి, “బస్సు నాదే సార్, ఆ పిల్లది తప్పు కాదు అందామని నోటిదాక వచ్చింది. నౌకరి గుర్తుకొచ్చింది,” అన్నాడు. ఆయనకు ఊడగొట్టుకోవడానికి ఒక ఉద్యోగమైనా ఉంది. నాకు అది కూడా లేదు.

ఏస్తేరు పాసయింది, బొటాబొటిగా. ఎమ్మెస్సీ ఎంట్రెన్సు రాయలేదు. ఎందుకు రాయలేదో నేను అడగలేదు. ఆ కాపుకు కోత మొదలైనప్పుడు ఒక సాయంత్రం అవ్వ పండ్ల గంప పట్టుకొని వాకిట్లో నిలబడి నన్ను పిలిచింది. “మార్తమ్మ కొంగు పడ్తలేదేందిరా? ఒద్దమ్మా అంటది, పోతది. నేనేమన్న అన్ననా?” నేను తిన్నగా ఆమె ముఖంలోకి చూసి, “షుగరొచ్చిందేమో అవ్వా,” అన్నాను. అవ్వ నమ్మింది. మర్నాడు మార్తమ్మకు కాకరకాయలు పంపించింది. పైయేడు మార్తమ్మ మా తోటకు రాలేదు. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆమె షుగరు గురించి బాధపడుతూనే ఉంది.

ఎమ్మెస్సీలో ఒక పొద్దున సారు పాఠం చెబుతూ, సి విటమిన్‌కు గాలి శత్రువైతే రాగి ఆ శత్రువుకు దారి చూపేదని, రాగి తగిలిన రసం ఒక్క రాత్రిలో ఎంతో పోగొట్టుకుంటుందని అన్నాడు. అందరూ రాసుకున్నారు. నాకు చింతపండుతో తోమిన చెంబు కళ్ళ ముందు మెరిసింది. ల్యాబులో పన్నెండు మందిలో రసంలో ఉన్నదాన్ని ఉన్నట్టు రాసింది ఒక్కరే. ఆ పాఠం నాకు బాగా అక్కరకొచ్చింది. ఇప్పుడు నా విద్యార్థుల్లో ఎవరికైనా వేరే రీడింగు వస్తే నేను కోప్పడను. రసం ఏ గిన్నెలో తెచ్చారని అడుగుతాను. మంచి లెక్చరరని పేరొచ్చింది. అదీ ఏస్తేరు దగ్గర కొట్టేసిందే. కాలేజీ బోర్డుల మీద ఆ రెండక్షరాలు టీజీ అని మరోసారి మారాయి. ల్యాబులో సీసాలన్నింటికీ చీటీలున్నాయి. బస్సు మాత్రం ఆగలేదు. పరీక్ష మొదలు కాకముందే రీడింగు పిల్లల వాట్సాప్‌లో ఉంటుంది. ఒకప్పుడు దాన్ని మోయడానికి కనీసం ఒక మనిషి నీళ్ళ సీసా పట్టుకొని తిరగాల్సి వచ్చేది.

యాదన్న పదకొండో రోజుకు నల్లగొండ పోయాను. ఇంటి ముందు టెంటు, దండ వేసిన ఫోటో, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు. తిని చేయి కడుక్కొని వస్తుంటే కుర్చీల చివర ఏస్తేరు కనపడింది. పక్కన టిఫిను డబ్బా, చేతి సంచి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. తనే పలకరించింది.

“ఏం శ్రీశైలం, పాలమూరోనివి అయిపోయినవట.”

“నౌకరి పుణ్యం. నువ్వు?”

“ఈడనే, ఒక దవాఖానల ల్యాబు. రక్తం, మూత్రం.” నవ్వింది. “యాదన్నే ఇప్పిచ్చిండు, తెలిసినోళ్ళకు జెప్పి. కోర్సుకు ఫారం గూడ ఆయనే తెచ్చిండు. ఎందుకో నేనంటే బాగ ఫికర్ పడేటోడు.”

ఎందుకో నాకు తెలుసు. ఫోటోలో యాదన్న ఎటో పక్కకు చూస్తున్నాడు.

“మా కాడ నన్నేమంటరో ఎరుకనా?” అంది. “రెండోకన్ను మేడమంటరు. బ్లడ్ గ్రూపు చూసినా గూడ పక్కన ఇంకొకలకు చూపిచ్చందే రాయ. ఎన్నేండ్లయినా నా కన్ను మీద నాకు భరోస లేదు. కాలేజీల చూసినవు గద, మూడుసార్లు చూసి మూడుసార్లు తప్పు చూసిన. మంచిదేలే, జాగ్రత్త నేర్చిన.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా కొంత బాగుండేది. మంచిదేలే అని ఆమే అనేసింది కాబట్టి నేను తలూపి మహబూబ్‌నగర్ బస్సెక్కవచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన వచ్చింది, చాలాసేపు ఉంది కూడా. తర్వాత రాగి చెంబు సంగతి చెప్పాను. ముందు పాఠంలాగా మొదలుపెట్టాను. రాగి, గాలి, రాత్రంతా రసం. ఆమె మధ్యలోనే అందుకుంది. లెక్క తప్పదని చెప్పాను కదా.

“అయితే... నేను చూసింది కరెక్టే?”

“కరెక్టే.”

“ఆరు తొమ్మిది?”

“ఆరు తొమ్మిదే.”

ఆమె ముఖంలో ఒక్కసారి సంతోషం వచ్చింది. పందిట్లో నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి దాన్ని దాచుకుంది. “అబ్బ,” అంది మెల్లగా. “నీకు ఎప్పుడు ఎరుకైంది?”

“ఎమ్మెస్సీల.” ఇది రాగి విషయంలో నిజం. నా అబద్ధాలన్నీ ఇట్లాగే ఎక్కడో ఒకచోట నిజంగానే ఉంటాయి. ఆమె సంచి సర్దుకొని లేవబోయింది. అప్పుడు అన్నాను, “ఏస్తేరూ, ఆ రోజు నాకు గూడ ఆరు తొమ్మిదే వచ్చింది. మల్ల చేస్తె ఆరు ఎనిమిది. కాగితం జేబుల పెట్టుకున్న.”

ఆమె సంచిని మళ్ళీ కుర్చీలో పెట్టింది. ఎవరో వడ్డించే గరిటె పడేసిన చప్పుడు.

“మల్ల మా అమ్మ మాట ఎందుకన్నవ్?”

 

“ఆ నాడు ఇంటికి పోయి ఏడ్సిన,” అంది ఏస్తేరు. “అమ్మ ఏమైందంటె జెప్పిన. జెప్పకుంటె అయిపోతుండె. గప్పటి సంది ఏ తోటల గూడ రాలిన పండు ముట్టదు. నేను కొనుక్కపోయినా తినదు.” ఫోను తీసి నంబరు నొక్కింది. “నాకు గాదు. ఆమెకు జెప్పు.”

ఫోను నా చేతిలో పెట్టింది. అవతల కుక్కరు ఈల, దాని వెనక మార్తమ్మ గొంతు. “ఎవలు?”

“పెద్దమ్మా, నేను శ్రీశైలాన్ని.” ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి.

“ఏ శ్రీశైలం? తోట పటేల్ కొడుకా? మంచిగున్నవా బిడ్డా? అవ్వ పోయిందని తెలిసింది గని రాలేకపోయిన. తిన్నవా?”

“తిన్న పెద్దమ్మా.”

తర్వాత చెప్పాను. రసం సంగతి, చెంబు సంగతి, ఏస్తేరు సరిగ్గా చూసిన సంగతి, నాకూ అంతే వచ్చిన సంగతి, అది దాచుకొని అందరి ముందూ ఆమెను ఏమన్నానో ఆ మాటలు ఉన్నవున్నట్టు. తప్పయిందని చెప్పాను. చాలాసేపు పడుతుందనుకున్నాను. నిమిషం పట్టలేదు. అవతల కుక్కరు మళ్ళీ ఈల వేసింది.

“గవన్ని నాకు తెల్వయి బిడ్డా,” అంది మార్తమ్మ. “అప్పుడు నేను కొంగుల కట్టుకపోయిన అన్నవ్. ఇప్పుడు కట్టుకపోలేదంటున్నవ్. గంతేనా?”

“గంతే పెద్దమ్మా.”

“పోలేదని నాకు అప్పుడే ఎరుక. బిడ్డకియ్యి ఫోను.”

ఇచ్చాను.